మొదటి స్ట్రాంగ్‌మ్యాన్ పోటీ: విశాఖలో ఉండి ఏది ఎంచుకోవాలి, ఏది వదిలేయాలి

స్ట్రాంగ్‌మ్యాన్ అంటే బరువులెత్తడం, మోస్తూ నడవడం, లాగడం లాంటి కొన్ని ఈవెంట్ల పోటీ. అందులో విజేతను ఎలా తేలుస్తారో ముందు తెలుసుకోండి. తర్వాత ఎదురయ్యే ఎంపికలు సగం తేలికవుతాయి. పవర్‌లిఫ్టింగ్‌లో మూడు లిఫ్టుల (స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్) కిలోలు కలిపి మొత్తం చూస్తారు. ఇక్కడ కిలోలు కలపరు, ఒక్కో ఈవెంట్‌లో వచ్చిన స్థానానికి పాయింట్లు ఇస్తారు. ఎనిమిది మంది బరిలో ఉంటే మొదటి స్థానానికి 8, రెండో స్థానానికి 7, అలా దిగుతూ చివరివాడికి 1. బరువు కదలకపోతే 0. ఐదు ఈవెంట్లలోనూ మూడో స్థానంతో సరిపెట్టుకున్నవాడికి 30 పాయింట్లు వస్తాయి. రెండు ఈవెంట్లు గెలిచి, రెండింట్లో ఐదో స్థానంలో నిలిచి, ఒకదాంట్లో సున్నా తెచ్చుకున్నవాడికి వచ్చేవి 24. నేలమీంచి బార్ లాగే డెడ్‌లిఫ్ట్‌లో అందరికంటే 40 కిలోలు ఎక్కువ లాగినా దక్కేది ఆ 8 పాయింట్లే.

అందుకే పోటీ, విభాగం, పరికరం, నేల, బెల్టు ఏది ఎంచుకుంటున్నా ఒకే ప్రశ్న వేసుకోవాలి: దీనివల్ల ఏదో ఒక ఈవెంట్‌లో సున్నా వచ్చే ప్రమాదం తగ్గుతుందా, పెరుగుతుందా? కింద ఇచ్చిన సలహాలన్నీ ఈ లెక్క మీదే నిలబడ్డాయి.

ముందు పవర్‌లిఫ్టింగా, నేరుగా స్ట్రాంగ్‌మ్యానా?

ఉత్తరాంధ్రకి బరువులెత్తడం కొత్త కాదు. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు ఈ నేలవారే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన ఊసవానిపేట కరణం మల్లీశ్వరీ ఇక్కడివారే. ఆ సంప్రదాయం మీకు ఇప్పటికీ పనికొస్తుంది. విశాఖలో క్లీన్ (బార్‌ని నేలమీంచి భుజాలకి తేవడం) సరిగ్గా నేర్పగల వెయిట్‌లిఫ్టింగ్ కోచ్‌ని వెతికితే దొరుకుతారు, పవర్‌లిఫ్టింగ్ తెలిసిన జిమ్‌లూ ఉన్నాయి. యోక్ (భుజాల మీద మోసే ఇనుప చట్రం), లాగ్ (తలమీదికి నెట్టే దుంగలాంటి లావు పైపు), గుండ్రాయి ఉన్న చోటు దొరకడమే కష్టం.

పవర్‌లిఫ్టింగ్‌కి, స్ట్రాంగ్‌మ్యాన్‌కి అసలు తేడా బరువు ఎవరు నిర్ణయిస్తారన్నది. పవర్‌లిఫ్టింగ్‌లో ఒక్కో లిఫ్టుకి మూడు ప్రయత్నాలుంటాయి, ఎంత ఎత్తాలో మీరే చెబుతారు. ఆ రోజు ఒంట్లో బాగోలేకపోతే తక్కువతో మొదలుపెట్టవచ్చు. స్ట్రాంగ్‌మ్యాన్‌లో చాలా ఈవెంట్లకి బరువు ముందే ఖాయమై ఉంటుంది. లాగ్ 75 కిలోలంటే 75 కిలోలే. మీరు 70 ఎత్తగలిగినా, ఒక్క కిలో కూడా ఎత్తలేనివాడితో సమానంగా సున్నాయే వస్తుంది.

అందుకని ఎంట్రీ కట్టేముందు ఆ పోటీ ఈవెంట్ షీట్ తెప్పించుకుని బరువులు చూడండి. మగవాళ్ల నోవిస్ (కొత్తవారి) విభాగంలో లాగ్ 70 నుంచి 80 కిలోలు, ఫార్మర్స్ వాక్ (రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నడవడం) చేతికి 80 నుంచి 90, యోక్ 180 నుంచి 200, శాండ్‌బ్యాగ్ (ఇసుక బస్తా) 80 నుంచి 90 చుట్టూ ఉండటం మామూలు. ఆడవాళ్ల నోవిస్‌లో లాగ్ 35 నుంచి 40, ఫార్మర్స్ చేతికి 45 నుంచి 50, యోక్ 110 నుంచి 120 కిలోలు. నిర్వాహకుల్ని బట్టి ఇవి మారతాయి కాబట్టి మీ చేతిలోని షీటే ప్రమాణం.

ఎక్కువమందికి సున్నా తెచ్చేది లాగ్. ఫార్మర్స్‌లో బరువు ఎక్కువైతే రెండు మీటర్లు నడిచి దించినా ఆ దూరం లెక్కలోకి వస్తుంది. లాగ్‌ని ఛాతీ దాకా తెచ్చి తలమీదికి నెట్టలేకపోతే ఏమీ రాదు. నిలబడి, మోకాళ్లు వంచకుండా బార్‌తో 60 కిలోలు తలమీదికి నెట్టగలిగి (దీన్నే ప్రెస్ అంటారు), 160 కిలోల డెడ్‌లిఫ్ట్ శుభ్రంగా వస్తుంటే, 12 వారాల సాధనతో నోవిస్ స్ట్రాంగ్‌మ్యాన్‌కి నేరుగా దిగవచ్చు. ఇంకా బలం రానీ అని ఏళ్ల తరబడి ఆగడం వల్ల లాభం లేదు, ఎందుకంటే యోక్ మోయడం స్క్వాట్‌తో పూర్తిగా రాదు. ప్రెస్ 50 దగ్గర ఆగిపోయినవారికి మాత్రం ఒక పవర్‌లిఫ్టింగ్ పోటీ, ఆరు నెలల ప్రెస్ సాధన ముందు పెట్టుకోవడమే మేలు. రిఫరీ ముందు నిలబడటం, సిగ్నల్ వచ్చేదాకా బరువు దించకుండా ఆగడం అక్కడ అలవాటవుతాయి. లాగ్‌లోనూ మోచేతులు పూర్తిగా చాపి, ‘డౌన్’ అనేదాకా ఆగకపోతే ఆ ఎత్తు (రెప్) లెక్కలోకి రాదు.

మన పల్లెల్లో పండగలకి జరిగే సంగిడీల (రాతి బరువులెత్తే) పోటీలు మూడో దారి. అక్కడ ఎన్నిసార్లు ఎత్తామన్నదే ప్రధానం కాబట్టి పట్టుకి, దమ్ముకి మంచి పరీక్ష, జనం మధ్య కంగారు పడకుండా ఎత్తడమూ నేర్పుతుంది. మోస్తూ నడిచే పని మాత్రం అందులో రాదు. స్ట్రాంగ్‌మ్యాన్ పోటీకి నెల రోజుల లోపు అలాంటి చోట దిగొద్దు. అరచేతుల చర్మం చిరిగితే మానడానికి వారం పైనే పడుతుంది.

నోవిస్ అర్హత ఉండి ఓపెన్ (అనుభవమున్నవారూ దిగే) విభాగంలో పేరు ఇవ్వడం గురించి ఒక్క మాట చాలు: వద్దు.

బరువు విభాగం: తగ్గాలా, ఉన్నచోటే ఉండాలా?

80, 90, 105 కిలోల గీతలు చాలా పోటీల్లో కనిపిస్తాయి. నోవిస్‌కి కొన్నిచోట్ల విభాగాలే ఉండవు, అప్పుడు ఈ గొడవ లేదు. ఉంటే 93, 94 కిలోల మనిషికి 90 లోకి దిగాలన్న ఆశ పుడుతుంది. కింది విభాగంలో పరికరాల బరువు తక్కువ కాబట్టి ఆ ఆశలో తప్పులేదు. తగ్గే పద్ధతిలోనే తేడా వస్తుంది.

వారానికి అర కిలో చొప్పున ఎనిమిది వారాల్లో 4 కిలోలు తగ్గడం బలాన్ని పెద్దగా తినదు. రాత్రి అన్నం తగ్గించి, గుడ్లో, చేప ముక్కలో పెట్టుకోవడం దానికి సాయం చేస్తుంది, అదొక్కటే మాత్రం సరిపోదు. నీళ్లు మానేసి, చెమట పట్టించి చివరి రెండు రోజుల్లో 4 కిలోలు దించడం దీనికి పూర్తిగా వేరు. శరీరం బరువులో 2 శాతం దాటి నీరు పోతే దమ్ము, పట్టు పడిపోవడం మొదలవుతుంది. 94 కిలోల మనిషికి అది 2 కిలోల కంటే తక్కువే. తూకం ముందురోజు ఉంటే కోలుకోవడానికి ఒక రాత్రి దొరుకుతుంది, పోటీ ఉదయమే ఉంటే అదీ లేదు. పైగా విశాఖలో మార్చి దాటాక తేమతో కూడిన ఉక్కలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఎండిన ఒంటితో యోక్ కిందికి వెళ్లడం ప్రమాదం: కళ్లు తిరిగిన మనిషి వీపు మీద 180 కిలోలు ఉంటాయి.

గీతకి 4 కిలోల లోపు దూరంలో ఉండి, ఎనిమిది వారాలు చేతిలో ఉంటే మెల్లగా తగ్గండి. అంతకంటే దూరమైతే పై విభాగంలోనే ఉండి తినండి. చివరి వారంలో నీళ్ల మీద ఆధారపడే లెక్క మొదటి పోటీకి పెట్టుకోవద్దు.

పరికరాలు: కొనాలా, చేయించుకోవాలా?

ఇక్కడ విశాఖవారికి ఒక వెసులుబాటు ఉంది. గాజువాక ఆటోనగర్‌లో, కంచరపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్ షెడ్లు ఉన్నాయి. కొలతలతో బొమ్మ గీసి ఇస్తే ఫార్మర్స్ హ్యాండిళ్లు, యాక్సిల్, యోక్ చేసిపెడతారు. రేటు మామూలుగా ఇనుము కిలోకి ఇంత, కూలి ఇంత అని మాట్లాడతారు. బయటినుంచి తెప్పించుకుంటే ఇంత బరువున్న సరుక్కి రవాణా ఖర్చే మోత. మా సలహా: ఇనుము సామాను ఇక్కడే చేయించుకోండి, బెల్టు, స్ట్రాప్స్ (మణికట్టు నుంచి బార్‌కి చుట్టే పట్టీలు) మాత్రం కొనండి.

అన్నిటికంటే ముందు చేయించాల్సినవి ఫార్మర్స్ హ్యాండిళ్లు. డంబెల్స్ పట్టుకు నడిస్తే ఆ సాధన రాదు. డంబెల్ పొట్టిది కాబట్టి ఊగదు. పోటీలో వచ్చే ఒకటిన్నర మీటరు పొడవు హ్యాండిల్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, పట్టు జారేది ఆ ఊపుకే. కొలతలు ఇలా ఇవ్వండి: మొత్తం పొడవు 1.5 మీటర్లు. పట్టుకునే చోట 25 ఎన్‌బీ (ఎన్‌బీ అంటే పైపు సైజు పేరు) హెవీ పైపు, దాని బయటి వ్యాసం 33.7 మిల్లీమీటర్లు. ప్లేట్లు ఎక్కించే కొసలకి, మీ ప్లేట్ల రంధ్రం 50 మిల్లీమీటర్లదైతే 40 ఎన్‌బీ పైపు (బయటి వ్యాసం 48.3), మన పాత జిమ్ ప్లేట్లలా 28, 30 మిల్లీమీటర్లదైతే 20 ఎన్‌బీ (బయటి వ్యాసం 26.9). ప్లేట్ల రంధ్రం కొలవకుండా షెడ్డుకి వెళితే ఇంటికొచ్చాక ప్లేటు ఎక్కదు. హ్యాండిల్‌ని నిలబెట్టే రెండు కాళ్లు కింది కమ్మీకి కలిసేచోట చుట్టూ వెల్డింగ్ వేయించి, మూలకి ముక్కోణపు పలక అతికించమనండి. అలసిపోయి విడిచిపెట్టినప్పుడు దెబ్బంతా ఆ మూల మీదే పడుతుంది. రెండు చుక్కల వెల్డింగ్‌తో వదిలేస్తే అక్కడే విరుగుతుంది.

పట్టుకునే చోట పెయింట్ వేయనివ్వొద్దు. చెమట చేతికి పెయింట్ జారుతుంది. వేయకపోతే మన సముద్రపు గాలికి వారంలోనే తుప్పు మొదలవుతుంది, దానికి నూనె రాయడం ఇంకా పెద్ద తప్పు. వైర్ బ్రష్‌తో రుద్ది, చాక్ (పట్టు కోసం వాడే తెల్లపొడి) పూసి, గదిలోపల పెట్టుకోండి. మిగతా భాగానికి రెడ్ ఆక్సైడ్ వేసి పైన పెయింట్ కొట్టించవచ్చు.

లాగ్‌కీ, యాక్సిల్‌కీ మధ్య ఒకటే చేయించగలిగితే లాగ్ చేయించండి. యాక్సిల్ అంటే లావుపాటి బార్. 40 ఎన్‌బీ పైపుని 2.1 మీటర్లు కోయిస్తే యాక్సిల్ అయిపోతుంది, ఖర్చు చాలా తక్కువ. షెడ్యూల్ 80 అనే మందపాటి రకం మీటరుకి 5.4 కిలోలుంటుంది కాబట్టి మొత్తం 11 కిలోల పైచిలుకు. పల్చటి పైపు తీసుకుంటే డెడ్‌లిఫ్ట్‌కి 150 కిలోలు దాటగానే వంగిపోతుంది. ఇంత చౌకైనా లాగ్ ముందనడానికి కారణం ఉంది. యాక్సిల్ ఎత్తడం మామూలు బార్‌తో క్లీన్ చేసినవారికి కొంతవరకు వస్తుంది. లాగ్‌ని ఛాతీకి తేవడం మాత్రం వేరే పని. నేలమీంచి లేపి, కూర్చున్నట్టు వంగి తొడల మీదికి తెచ్చుకుని, మోచేతులు పైకెత్తి లాగ్‌ని పొట్టకి అదిమిపట్టి, నడుముని ముందుకి తోస్తూ ఛాతీ మీదికి దొర్లించాలి. చేతులతో గుంజితే ముంజేతులు అలిసిపోతాయి, లాగ్ పొట్ట దగ్గరే ఆగిపోతుంది. ఛాతీ మీద నిలిచాక తల వెనక్కి వాల్చి, కళ్లు పైకి పెట్టి, కాళ్లతో చిన్నగా కుంగి నెట్టాలి. ఇది ఒంటికి పట్టడానికి రెండు నెలలు పడుతుంది, బార్‌తో ఎంత ప్రెస్ చేసినా ఆ లోటు తీరదు.

లాగ్‌కి 200 ఎన్‌బీ పైపు, 5 మిల్లీమీటర్ల మందం చాలు. బయటి వ్యాసం 219 మిల్లీమీటర్లు, మీటరుకి సుమారు 26 కిలోలు. 1.3 మీటర్లు కోస్తే 34, చేతిపట్లు, ప్లేటు కొసలు కలిపి 40 దగ్గర తేలుతుంది. పోటీలో 250 ఎన్‌బీ లావుది రావచ్చు కదా అని దాన్నే చేయిస్తే చిక్కు ఇది: 6 మిల్లీమీటర్ల మందంతో మీటరుకి దాదాపు 40 కిలోలు, ఒకటిన్నర మీటరుకి ఖాళీ లాగే 60. 70 కిలోల ప్రెస్ లేనివారు దాంతో పద్ధతి నేర్చుకోలేరు, రోజూ కుస్తీ పడతారంతే. చేతిపట్ల మధ్య దూరం 60 సెంటీమీటర్లు, అరచేతులు ఎదురెదురుగా ఉండేలా పెట్టించండి.

యోక్ పెద్ద సామాను. దాచుకునే చోటు కావాలి, ఒక్కరికోసం చేయించడం దండగ. నలుగురైదుగురు కలిసి 60 మిల్లీమీటర్ల చదరపు ట్యూబ్, 4 మిల్లీమీటర్ల మందంతో చేయించి ఒక జిమ్‌లో పెట్టుకోవడం నయం. భుజం కమ్మీ ఎత్తు మార్చుకునేలా ఐదేసి సెంటీమీటర్లకి రంధ్రాలు ఉండాలి. ఎత్తు సరిచూసుకోవడం ఇలా: కమ్మీ కిందికి వెళ్లి పూర్తిగా లేచి నిలబడితే యోక్ కాళ్లు నేలనుంచి మూడు, నాలుగు సెంటీమీటర్లు లేవాలి. అంతకంటే తక్కువైతే నడకలో కాళ్లు నేలకి గుద్దుకుంటాయి, ఎక్కువైతే ఊగుతుంది. ఊగడానికి ఇంకో కారణం పెద్ద అంగలు. పాదం పొడవుకి మించకుండా చిన్న అడుగులు, వేగంగా వేయాలి. ఊపు మొదలయ్యాక పంతం పట్టి నడవడం కంటే దించి, ఒక శ్వాస తీసుకుని మళ్లీ ఎత్తడంలోనే సమయం కలిసొస్తుంది.

రాయా, బస్తానా?

అట్లాస్ స్టోన్ (కాంక్రీటు గుండు) అనగానే అందరికీ మోజు. టీవీలో చూసే ఆట అదే, 1977లో మొదలైన వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మ్యాన్ పోటీకి ఆ రాళ్లే గుర్తుగా మారాయి. మీ షీట్‌లో రాయి లేకపోతే దాని జోలికి వెళ్లకండి. ఉన్నా సాధన శాండ్‌బ్యాగ్‌తోనే మొదలుపెట్టండి.

కాంక్రీటు గుండు బరువు దాని వ్యాసం ఘనం (క్యూబ్) లెక్కన పెరుగుతుంది. 14 అంగుళాల గుండు సుమారు 56 కిలోలు, 16 అంగుళాలది 84, 18 అంగుళాలది 120. రెండంగుళాలు పెరిగితే 28 కిలోలు, మరో రెండంగుళాలకి 36. వారానికి రెండున్నర కిలోలు పెంచుకుంటూ పోయే అలవాటున్నవారికి ఈ గెంతులు కుదరవు. నడుమ ఇంకో నాలుగు గుండ్లు పోతపోయించాలి, ఒక్కోటి పూర్తిగా గట్టిపడటానికి 28 రోజులు ఆగాలి. పైగా ముంజేతుల చర్మం గీరుకుపోతుంది, చేతులు వంచి గుండుని పైకి గుంజబోతే కండరం (బైసెప్స్) తెగే ప్రమాదం ఉంది.

శాండ్‌బ్యాగ్‌ని నచ్చినంత బరువుకి మార్చుకోవచ్చు. మందపాటి కాన్వాస్ గుడ్డతో 36 సెంటీమీటర్ల వ్యాసం, 60 సెంటీమీటర్ల ఎత్తున్న సంచి టార్పాలిన్లు కుట్టేవారి దగ్గర రెండు వరసల కుట్టుతో కుట్టించండి. అందులో 60 లీటర్లు పడతాయి, పొడి ఇసుక లీటరుకి 1.6 కిలోల లెక్కన 90 కిలోలకి 56 లీటర్లు చాలు. ఇసుకని నేరుగా పోయకుండా 15 కిలోల చొప్పున మందమైన ప్లాస్టిక్ సంచుల్లో నింపి, రెండేసి పొరలు వేసి, టేపు చుట్టి పేర్చండి. నాలుగు పొట్లాలతో 60, ఐదింటితో 75, ఆరింటితో 90. ఖాళీ మిగిలితే పాత గుడ్డలు కూరండి. సంచి వదులుగా ఉంటే ఇసుక ఒక పక్కకి జారి బరువు తప్పుతుంది, పోటీ సంచులు బిగుతుగా ఉంటాయి.

ఇసుక ఇళ్ల నిర్మాణానికి అమ్మేచోట కొని, రెండు రోజులు ఎండబెట్టి, జల్లించి వాడండి. బీచ్ ఇసుక తీయడం తప్పు, వాడినా ఉపయోగం లేదు. అందులోని ఉప్పు గాలిలోని తేమని పీలుస్తుంది, సంచి బరువు మారుతుంది, కుట్లు కుళ్లుతాయి.

ఎత్తే పద్ధతి రాయికీ బస్తాకీ ఒకటే. పాదాల మధ్య పెట్టుకుని, చేతులు వీలైనంత కిందికి దూర్చి, మోచేతులు తిన్నగా ఉంచి తొడల మీదికి లాగాలి. అక్కడ ఒక శ్వాస. చేతులు పైకి మార్చి బస్తాని ఛాతీకి హత్తుకుని, నడుము తోపుతో లేవాలి. చేతులు పట్టుకోవడానికే తప్ప ఎత్తడానికి కాదు. 90 కిలోల బస్తాని ఛాతీ ఎత్తు దిమ్మె మీదికి మూడుసార్లు చేర్చగలిగినవారికి 84 కిలోల గుండు ఒకటి రెండు సాధనల్లో లొంగుతుంది. బస్తా నుంచి రాయికి దాటడం తేలిక.

టైర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆటోనగర్‌లో పాత లారీ, ట్రాక్టర్ టైర్లు చౌకగా దొరుకుతాయి కాబట్టి చాలా జిమ్‌లు ముందు అదే తెచ్చిపెడతాయి. పోటీలో లేకపోతే దాని మీద వారాలు ఖర్చు పెట్టకండి. అరచేతులు పైకి తిప్పి, చేతులు వంచి టైర్‌ని లేపబోతే గుండుతో వచ్చే గాయమే ఇక్కడా వస్తుంది. తప్పనిసరైతే గడ్డం టైర్ మీద ఆనేంత దగ్గరగా దిగి, ఛాతీతో 45 డిగ్రీల కోణంలో ముందుకి తోయాలి, మోకాలి ఎత్తుకి లేచాక మోకాలితో గుద్ది చేతులు మార్చాలి.

ఎక్కడ సాధన: జిమ్, గ్రౌండ్, బీచ్?

ఆర్కే బీచ్ ఇసుకలో యోక్ మోస్తే బలం పెరుగుతుందని అనుకుంటారు. పాదం దిగబడే నేలలో అడుగు వేగం రాదు, చీలమండ మెలిపడే అవకాశం ఎక్కువ. పోటీ చదునైన నేల మీద, 15 నుంచి 20 మీటర్లకి, 60 సెకన్ల గడువులో జరుగుతుంది. ఆ వేగం అలవాటు కావాలంటే గట్టి నేలే కావాలి: గట్టిపడిన మట్టి గ్రౌండ్, లేదా జిమ్ బయట రబ్బరు పరిచిన సిమెంటు. బీచ్‌ని వేగంగా నడవడానికి, ఒంటి దమ్ము పెంచుకోవడానికి ఉంచుకోండి.

వేసవిలో ఉదయం ఏడు లోపే బయట ఈవెంట్ల సాధన ముగించాలి. ఎండ ఎక్కాక ఇనుప హ్యాండిళ్లు చేతికి అంటుకునేంత వేడెక్కుతాయి.

లారీ లాగడం షీట్‌లో ఉంటే విశాఖలో ప్రత్యేకంగా చూడాల్సింది వాలు. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ వైపు చాలా రోడ్లు కంటికి చదునుగా కనిపిస్తాయి కానీ కావు. 5 టన్నుల బండికి నూటికి ఒక పాలు ఎత్తు ఉన్నా 50 కిలోల లాగుడు అదనంగా పడుతుంది. చదునైన రోడ్డు మీద అదే బండిని కదుపుతూ ఉండటానికి పట్టేది సుమారు 30 నుంచి 50 కిలోలే, అంటే ఆ వాలు మీ పని రెట్టింపు చేసింది. పల్లం వైపు లాగితే సాధన కాకపోగా, ప్రాణం మీదికి తెచ్చే పని. రెండువైపులా ఒకసారి లాగి చూసి రోడ్డు ఎంచుకోండి. డ్రైవర్ లేకుండా, బ్రేకు మీద కాలు లేకుండా బండి కదపొద్దు. ఎయిర్ బ్రేకు బండికి ట్యాంకులో గాలి నిండకపోతే బ్రేకు పట్టే ఉంటుంది, అది తెలియక కదలని బండిని గుంజి నడుము పట్టేయించుకోవద్దు.

ఒంటిమీద వేసుకునేవి

బెల్టు ఒక్కటే కొనగలిగితే 10 మిల్లీమీటర్ల తోలు బెల్టు. 13 మిల్లీమీటర్లది డెడ్‌లిఫ్ట్‌కి బాగుంటుంది కానీ లాగ్‌ని పొట్టమీంచి దొర్లించేటప్పుడు అడ్డుపడుతుంది. బూట్లలో మడమ ఎత్తున్న వెయిట్‌లిఫ్టింగ్ షూ లాగ్‌కి సాయం చేస్తుంది, యోక్‌కి చెడ్డది. రెండు జతలు కుదరకపోతే చదునైన, నేలని పట్టే రబ్బరు అట్ట ఉన్న ఒక్క జత చాలు. మెత్తటి పరుగు బూట్లు వద్దు, బరువు కింద నురగ ఒక పక్కకి ఒరిగి పాదం తిరుగుతుంది.

స్ట్రాప్స్‌ని చాలా పోటీలు డెడ్‌లిఫ్ట్‌కి ఒప్పుకుంటాయి, ఫార్మర్స్‌కి ఒప్పుకోవు. షీట్‌లో అనుమతి ఉంటే డెడ్‌లిఫ్ట్‌కి స్ట్రాప్స్ వాడండి, ఒక అరచేయి బయటికి తిప్పి పట్టే మిశ్రమ పట్టు వద్దు. ఫార్మర్స్ సాధన ఎప్పుడూ ఒట్టి చేతులు, చాక్‌తోనే. హ్యాండిల్‌ని సరిగ్గా మధ్యలో పట్టాలి. వెనక్కి పట్టుకుంటే ముందుకొస వాలి నేలకి గీరుకుంటుంది.

రాళ్లకి పూసే ట్యాకీ అనే జిగురు, పోటీలో ఉంటేనే కొనండి. వేడికి అది కరిగి కారుతుంది, కాబట్టి మన ఊరికి గట్టి రకం కావాలి. చెమట తడి మీద అసలు అంటదు, ముందు ముంజేతుల్ని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. వదిలించుకోవడానికి సబ్బు పనిచేయదు, కొబ్బరినూనె పట్టించి తుడిస్తే వస్తుంది.

వారానికి ఈవెంట్ రోజు ఒకటా, రెండా?

రెండు పెట్టుకున్నవారు ఆరో వారానికల్లా నడుము నొప్పితో ఆగిపోవడం ఎక్కువ. యోక్, ఫార్మర్స్, బస్తా మూడూ నడుము మీదే పడతాయి, పైగా జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ వేరే ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ సాధన చేసేవారికి మా ఓటు ఒక్క ఈవెంట్ రోజుకే. ఆదివారం ఉదయం లాగ్, తర్వాత యోక్ లేదా ఫార్మర్స్, చివర బస్తా. మంగళవారం ప్రెస్, గురువారం స్క్వాట్, డెడ్‌లిఫ్ట్. యోక్ ఒక వారం, ఫార్మర్స్ మరో వారం మార్చుకుంటే సరిపోతుంది. లాగ్‌ని మాత్రం వారం వదలకండి. మంగళవారం ప్రెస్‌లో కూడా తేలికపాటి లాగ్‌తో ఐదారుసార్లు ఛాతీకి తెచ్చే పద్ధతి చేయండి.

బరువు విషయంలో మొదటి నాలుగు వారాలు పోటీ బరువులో 60 నుంచి 70 శాతంతో, పూర్తి దూరం, వేగంగా. తర్వాతి నాలుగు వారాలు 80 నుంచి 90 శాతం. తొమ్మిది, పది వారాల్లో పోటీ బరువు ముట్టుకోండి, దూరం సగం చాలు. పదకొండో వారంలో ఒకసారి అన్ని ఈవెంట్లనీ పోటీ వరసలోనే, మధ్య 20 నిమిషాల విరామంతో, 80 శాతం బరువుతో చేసి చూడండి. ఏ ఈవెంట్ తర్వాత ఏది కూలుతుందో అప్పుడే తెలుస్తుంది. ఫార్మర్స్ తర్వాత డెడ్‌లిఫ్ట్ వస్తే పట్టు మిగలదు, అలాంటప్పుడు ఫార్మర్స్‌లో ఒక్క స్థానం కోసం చివరి మూడు మీటర్లు ప్రాణం పెట్టి పరిగెత్తాలా అన్నది ముందే నిర్ణయించుకోవాలి. చివరి వారం బరువులు పూర్తిగా ఆపి నడక, సాగదీతలతో గడపండి.

పోటీ రోజు తిండి

కొత్తది ఏదీ తినొద్దు. మూడు గంటల ముందు ఇడ్లీలు, రెండు అరటిపళ్లు, లేదా పెరుగన్నం ఉప్పేసుకుని తింటే కడుపు తేలికగా ఉంటుంది. గారెలు, పూరీలు, నూనె సరుకు మెల్లగా అరుగుతాయి, యోక్‌కి బెల్టు బిగించగానే పైకి తన్నుకొస్తాయి. ఈవెంట్ల మధ్య అరటిపండు, ఖర్జూరం, బెల్లంముక్కలాంటివి కొద్దికొద్దిగా.

ఒట్టి నీళ్లు తాగుతూ పోతే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు, మధ్యాహ్నానికి పిక్కలు పట్టేస్తాయి. లీటరు నీటికి ఒక ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి రెండు సీసాలు ఉంచుకుని, ఒక్కో ఈవెంట్ తర్వాత గ్లాసు చొప్పున తాగండి. పొట్లంలో రాసిన నీటి కొలత తప్పొద్దు, చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. అలవాటు లేనివారు స్ట్రాంగ్ కాఫీ, ప్రీ వర్కవుట్ పొడులు ఆ ఉదయం మొదలుపెట్టకూడదు. వాడేవారు కూడా మొదటి ఈవెంట్‌కి కాకుండా, చేతులు బరువెక్కే మూడో ఈవెంట్‌కి అరగంట ముందు తీసుకుంటే ఎక్కువ పనికొస్తుంది.